డ్రోన్ కొనే ముందు మ్యాప్ తెరవండి: ట్రావెల్ ఫొటోలకి కెమెరా డ్రోన్ ఎంచుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి డ్రోన్ కొనడం పెద్ద పనేం కాదు. దాన్ని ఎగరేయడానికి చోటు వెతుక్కోవడమే పెద్ద పని. ఈ ముక్క నాకెవరూ ముందు చెప్పలేదు. నా మొదటి డ్రోన్ కెమెరా అద్భుతంగా ఉండేది. డ్రోన్ ఒక్కటే కిలోకి కాస్త తక్కువ. బ్యాటరీలు, రిమోట్, ఛార్జర్ కలిపితే సంచి మూడు కిలోలు తూగేది. మొదటి నెల ఎక్కడికెళ్లినా వెంట వచ్చింది. రెండో నెల నుంచి ‘ఈసారికి వద్దులే’ మొదలైంది. ఆరో నెలకి బీరువా పైన, మా పెళ్లి ఆల్బమ్‌ల పక్కన స్థిరపడింది. ఆ తర్వాత తీసుకున్నది బరువులో దాంట్లో పావు వంతు, కెమెరాలో ఒక మెట్టు తక్కువ. చూసినవాళ్లు ‘అబ్బ’ అన్న ఫొటోలన్నీ ఈ చిన్నదానితో తీసినవే.

అందుకని యూట్యూబ్ రివ్యూలు కాసేపు పక్కన పెట్టి, నేను చెప్పే వరుసలో రండి. కెమెరా సంగతి నాలుగో మెట్టు దాకా ఎత్తను. ఓపిక పట్టాలి.

మొదటి మెట్టు: ఎక్కడ ఎగరేస్తారో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, వచ్చే ఏడాదిలో మీరు వెళ్లే చోట్లు ఓ పది రాయండి. వెళ్లాలని కలలు కనేవి కాదు, నిజంగా వెళ్లేవి. నా కాగితం మీద ఉన్నవి ఇవి: అనంతగిరి, లక్నవరం, రామప్ప, కుంటాల జలపాతం, సోమశిల, గండికోట, అరకు, భువనగిరి దగ్గర మా అమ్మమ్మ ఊరు, ఒకసారి గోవా, వీలైతే థాయ్‌లాండ్.

ఇప్పుడు పౌర విమానయాన శాఖ వారి డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి ఒక్కో ఊరూ వెతకండి. మ్యాప్‌లో మూడు రంగులుంటాయి. ఆకుపచ్చలో 400 అడుగుల ఎత్తు, అంటే 120 మీటర్ల దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్న చోట ఆ ఎత్తు 200 అడుగులకి తగ్గుతుంది. పసుపులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటే తప్ప లేదు, మనలాంటి సరదాగాళ్లకి ఆ అనుమతి దొరకదనే అనుకోండి.

మ్యాప్‌ని హైదరాబాద్ మీదికి తెచ్చి చూస్తే గుండె జారుతుంది. ఎందుకో ఆలోచిస్తే మాత్రం ఆశ్చర్యం లేదు. నగరం మధ్యలో బేగంపేట విమానాశ్రయం ఉంది. ఉత్తరాన హకీంపేట వైమానిక స్థావరం, వాయవ్యాన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, దక్షిణాన శంషాబాద్. మధ్యలో సికింద్రాబాద్ కంటోన్మెంట్, కంచన్‌బాగ్ వైపు రక్షణ పరిశోధన సంస్థలు, మౌలాలి వైపు అణు ఇంధన కర్మాగారం. ఇన్ని వలయాలు ఒకదాని మీద ఒకటి పడితే మిగిలేదెంత? ట్యాంక్‌బండ్ మీద సూర్యాస్తమయం, చార్మినార్ మీద రంజాన్ రాత్రి దీపాలు, దుర్గం చెరువు వంతెన... మీ మనసులో ఉన్న ఆ మూడు ఫొటోలూ ఇప్పుడే కొట్టేయండి. దీనికి తోడు పండగలకీ, వీఐపీలు వచ్చినప్పుడూ పోలీసులు విడిగా నిషేధ ఉత్తర్వులు ఇస్తుంటారు.

అయితే ఆకాశం మ్యాప్ ఒక్కటే సరిపోదు, కింద నేల ఎవరిదో కూడా చూడాలి. రామప్ప, గోల్కొండ, గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. పైన రంగు ఏదైనా, ఆ శాఖ అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ లేపకూడదు. అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాల్లో అటవీ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. నాగార్జునసాగర్ లాంటి పెద్ద ప్రాజెక్టుల దగ్గర భద్రతా సిబ్బంది ఉంటారు, వాళ్లతో వాదనకి దిగొద్దు.

రంగులు మారతాయి కూడా. అనంతగిరి వైపు తరచూ వెళ్లేవాళ్లకి తెలిసే ఉంటుంది, వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళం రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. అలాంటివి వచ్చినప్పుడు చుట్టూ ఆకాశం ఎప్పటిలా ఉంటుందనుకోకూడదు. పోయినసారి ఎగరేశాం కదా అని ధీమాగా వెళ్లకుండా, బయల్దేరే రోజు పొద్దున మళ్లీ ఒకసారి మ్యాప్ చూడండి.

నా పది చోట్లలో ఈ జల్లెడ పట్టాక మిగిలినవి నాలుగు. మీకూ ఇంచుమించు అంతే మిగలొచ్చు. దిగులు పడకండి, అసలు ఎంపిక ఇక్కడే మొదలవుతుంది. ఆ నాలుగూ చెరువులూ, పొలాలూ, చిన్న గుట్టలూ అయితే ఒక రకం డ్రోన్. సముద్రతీరం, ఎత్తైన కొండలు అయితే ఇంకో రకం.

రెండో మెట్టు: బరువు తేల్చుకోండి

మన దేశంలో డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములూ ఆ లోపు అయితే నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. ట్రావెల్ డ్రోన్లన్నీ ఈ రెండిట్లోనే వస్తాయి. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. మైక్రో అయితే సొంత సరదాకి ఎగరేసేవాళ్లకి సర్టిఫికెట్ అవసరం లేదు కానీ ఇన్సూరెన్స్ ఉండాలి, యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. రిసార్ట్ వాళ్లకి వీడియో తీసిచ్చి డబ్బులు తీసుకుందాం అనుకుంటే అది సరదా కిందికి రాదు, అప్పుడు మైక్రోకి సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న ఎవరైనా శిక్షణ తీసుకోవచ్చు. మన తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలోనూ ఆ శిక్షణ ఉంది. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ‘249 గ్రాములేగా, ఎక్కడైనా ఎగరేయొచ్చు’ అని దుకాణంవాడు చెబుతాడు, మనం తలూపుతాం. తప్పు. నానో అయినా ఎరుపు ఎరుపే. 250 గ్రాముల లోపు ఉండటం వల్ల కాగితాల పని తగ్గుతుందే తప్ప ఆకాశం పెరగదు. ఇంకో సంగతి, ఆ 249లో ఒక్క గ్రామే మిగిలింది. ఫిల్టర్ తగిలించినా, రెక్కలకి గార్డులు పెట్టినా, ఎక్కువసేపు వచ్చే పెద్ద బ్యాటరీ వేసినా అది నానో కాదు. గాల్లోకి లేచేటప్పుడు ఒంటి మీద ఉన్నదంతా లెక్కలోకి వస్తుంది. వంటింట్లో చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఒకసారి పెట్టి చూడండి. మా ఇంట్లో అది ఆవకాయ కారం తూచడానికి కొన్నది, నాకు మాత్రం దీనికే ఎక్కువ పనికొచ్చింది.

నా సలహా సూటిగా చెబుతాను. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు వేసేవాళ్లు, భుజాన ఇప్పటికే కెమెరా సంచి ఉన్నవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు నానో తీసుకోండి. మూడు బ్యాటరీలు, రిమోట్ కలిపినా కిలో లోపే. సముద్రం, కొండగాలి మీ జాబితాలో ఎక్కువుంటేనో, ఫొటోల మీద సంపాదన ఉంటేనో మైక్రో. ‘కొంటే పెద్దదే కొందాం’ అన్న ఆలోచన ఫ్రిజ్ విషయంలో పనిచేస్తుంది, ఇక్కడ చేయదు.

మూడో మెట్టు: బిల్లు ఎవరిస్తారో చూడండి

ఇది కాస్త చేదు మాట. మీరు చూసే రివ్యూల్లో తొంభై పాళ్లు డీజేఐ అనే చైనా కంపెనీ డ్రోన్ల మీదే ఉంటాయి. కానీ 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైనవీ కుదరవు, విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించే కిట్లూ కుదరవు. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి మాత్రమే మినహాయింపు ఉంది. ఆ తర్వాత కూడా ఇవి మార్కెట్‌లో దొరుకుతూనే ఉన్నాయి, ఎలా వస్తాయో మీరే ఊహించుకోండి. బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, పాడైతే చూసేవాడు ఉండడు. 250 గ్రాములు దాటినదైతే టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం, లేక యూఐఎన్ కూడా రాదు. లక్ష పోసి కొన్నదాన్ని దొంగచాటుగా ఎగరేసుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

‘మా బావ డాలస్ నుంచి వస్తున్నాడు, సూట్‌కేసులో వేసుకొస్తాడు’ అంటారా? మన కస్టమ్స్ డిక్లరేషన్ ఫారంలో డ్రోన్ పేరు 2016 నుంచే ఉంది. శంషాబాద్‌లో స్కానర్ కింద ఆ పెట్టె ఎలా కనిపిస్తుందో వాళ్లకి బాగా తెలుసు. పాపం బావగారిని ఇబ్బంది పెట్టకండి, ఆయన చేత పచ్చళ్ల డబ్బాలు మోయించడం వరకూ చాలు.

మరి దారేది? ఒకటి, దేశంలో తయారై బిల్లుతో, సర్వీస్ సెంటర్‌తో వచ్చే డ్రోన్. ఇప్పుడు 250 గ్రాముల లోపు కెమెరా డ్రోన్లు మన కంపెనీలవి కూడా దొరుకుతున్నాయి. ఫొటో నాణ్యతలో అన్నీ ఒకేలా లేవు కాబట్టే తర్వాతి మెట్టులో చెప్పే పరీక్షలు కావాలి. రెండు, నిషేధానికి ముందే కొని, అప్పుడే రిజిస్టర్ చేసిన పాత డ్రోన్ సెకండ్‌హ్యాండ్‌లో. మూడోది, నాకు బాగా నచ్చినది: ముందు అద్దెకి తీసుకోండి. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ప్రతి పేటలోనూ ఉన్నారు. మూఢాల్లో వాళ్లకి పనుండదు. సరైన కాగితాలు ఉన్నవాళ్లని చూసుకుని, ఒక రోజు వాళ్ల డ్రోన్‌తోపాటు మనిషిని కూడా మాట్లాడుకుని ఊరి బయటికి తీసుకెళ్లండి. ఆ ఒక్క పొద్దులో నేర్చుకునేది పది రివ్యూల్లో రాదు.

కింద కెమెరా గురించి చెప్పేటప్పుడు డీజేఐ మోడళ్ల పేర్లు కొలబద్దలుగా వాడతాను. అంటే మీరు చూస్తున్న డ్రోన్‌ని దేనితో పోల్చాలో తెలియడానికి, అంతే.

నాలుగో మెట్టు: ఇప్పుడు కెమెరా

పెట్టె మీద ‘4కే’, ‘48 మెగాపిక్సెల్’ అని పెద్దక్షరాలు ఉంటాయి. వాటిని వదిలేసి మూడు చూడండి: గింబల్, సెన్సార్, రా ఫైల్.

గింబల్ అంటే కెమెరాని నిలకడగా పట్టుకునే చిన్న మోటార్ల అమరిక. మూడు అక్షాల గింబల్ ఉండాలి, ఇందులో రాజీ పడొద్దు. ఉందో లేదో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. డ్రోన్ ఆన్ చేయించి, రెక్కలు తిరగకుండా చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. మీరెప్పుడైనా కోడిని రెండు చేతుల్తో పట్టుకుని ఊపి చూశారా? ఒళ్లు ఎటు కదిలినా తల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గింబల్ ఉన్న కెమెరా అచ్చం ఆ కోడి తలలాగే ఉంటుంది. డ్రోన్‌తోపాటు కెమెరా కూడా వంగిపోతే అది బొమ్మ. ఐదారు వేలకి ‘డ్యుయల్ కెమెరా 4కే’ అని అమ్మేవన్నీ ఇలాంటివే. వాటిలో చాలావాటికి జీపీఎస్ కూడా ఉండదు, చిన్న గాలికే పక్కింటి మేడ మీదికి పోతాయి. పిల్లాడి పుట్టినరోజుకి కొనండి, ట్రావెల్ ఫొటోలకి కాదు.

సెన్సార్ అంటే కెమెరాలో వెలుతురుని పట్టే చిప్. దీని దగ్గర కాస్త ఆగుదాం. డ్రోన్ ఫొటోకి మంచి సమయం సూర్యోదయానికి ముందు పావుగంట, తర్వాత అరగంట. అప్పుడు వెలుతురు తక్కువ. ఆకాశం తెల్లగా, నేల నల్లగా ఉంటుంది. చిన్న సెన్సార్ ఈ రెండిటినీ ఒక్క ఫొటోలో పట్టలేదు. పాత చిన్న డ్రోన్లలో ఉండే 1/2.3 అంగుళాల సెన్సార్ వెడల్పు దాదాపు 6 మిల్లీమీటర్లు. మినీ 4 ప్రోలో ఉండే 1/1.3 అంగుళాల సెన్సార్ దాదాపు 10. ఎయిర్ 3ఎస్‌లోని 1 అంగుళం సెన్సార్ 13 దాకా. మావిక్ 3లోని 4/3 సెన్సార్ 17 పైనే. అంకెల్లో తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ వెలుతురు పట్టే విస్తీర్ణం రెండింతలు, నాలుగింతలు అవుతుంది. నా లెక్కలో 1/1.3 అంగుళాల దగ్గర ఆగితే చాలు. అంతకన్నా చిన్నదైతే పట్టపగలు ఫర్వాలేదు, తెల్లవారుజామున మట్టి రంగంతా బురదలా కలిసిపోతుంది.

మూడోది రా ఫైల్. జేపెగ్ అనే మామూలు ఫొటో ఫైల్‌లో డ్రోన్ తనకి తోచిన రంగులు వేసి, మిగతా సమాచారం పారేస్తుంది. రా ఫైల్‌లో అంతా ఉంటుంది. మా అమ్మమ్మ ఊరి చెరువుని ఒక కార్తీక మాసం పొద్దున తీశాను. నీళ్ల మీద పొగమంచు, అవతల తాటిచెట్లు, కట్ట మీద మైసమ్మ గుడి. స్క్రీన్ మీద చూస్తే గుడి ఒక నల్లటి మచ్చ. ఇంటికొచ్చి రా ఫైల్‌లో నీడలు లేపితే, గుడి గోడ మీద పసుపు, కుంకుమ బొట్లు కూడా బయటికొచ్చాయి. అదే క్షణం తీసిన జేపెగ్‌లో ఎంత లాగినా గింజల్లాంటి చుక్కలు తప్ప ఏమీ రాలేదు. దుకాణంలో ‘రా వస్తుందా?’ అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు. ఒక ఫొటో తీయించి, కార్డులో డీఎన్‌జీ ఫైల్ (రా ఫైల్ ఆ పేరుతోనే ఉంటుంది) ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

ఈ మూడూ ఉన్నాక మిగతావి మీ అలవాటుని బట్టి. రీల్స్ ఎక్కువ చేసేవాళ్లకి కెమెరా నిలువుగా తిరిగే సౌకర్యం బాగుంటుంది. గుట్టలూ కొండలూ తీసేవాళ్లకి రెండో లెన్స్ పనికొస్తుంది. మామూలు డ్రోన్లలో 24 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్స్ ఉంటుంది, దాంతో భువనగిరి గుట్ట కూడా గులకరాయిలా కనిపిస్తుంది. ఎయిర్ 3లో ఉన్నట్టు 70 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే గుట్టలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు వస్తాయి. వీడియో కోసమైతే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు ఒక సెట్ ఉంచుకోండి. సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ వేగం 1/60 సెకను దగ్గర ఉండాలి, మన ఎండలో ఫిల్టర్ లేకుండా అది జరగని పని. ఫొటోలకి వాటి అవసరం తక్కువ. 8కే, 100 రెట్ల జూమ్ లాంటివాటికి డబ్బులు పెట్టొద్దు.

ఐదో మెట్టు: గాలి, ఎండ, గద్దలు

పెట్టె మీద 34 నిమిషాలు అని ఉంటే అది గాలి లేని చోట తీసిన లెక్క. మీకు దొరికేది ఇరవై, ఇరవై రెండు. 30 శాతం దగ్గర వెనక్కి తిప్పాలి కాబట్టి ఇంకా తక్కువ. అందుకే డ్రోన్ ధర చూసేటప్పుడు మూడు బ్యాటరీలతో కలిపి చూడండి. ఒక్క బ్యాటరీతో కొన్న డ్రోన్, ఒక్క చొక్కాతో వెళ్లిన పెళ్లి.

గాలి తట్టుకునే శక్తి ‘లెవెల్ 5’ అని రాస్తే సెకనుకి 10.7 మీటర్లు, అంటే గంటకి 38 కిలోమీటర్ల గాలి దాకా అని అర్థం. నేల మీద ఆకు కదలకపోయినా వంద మీటర్ల పైన గాలి వేరుగా ఉంటుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లి, వచ్చేటప్పుడు గాలివాటున రండి. తిరగేసి చేస్తే తిరిగి రావడానికి బ్యాటరీ చాలదు.

ఎండ సంగతి విదేశీ రివ్యూల్లో ఎవరూ చెప్పరు. చాలా డ్రోన్లు పనిచేయడానికి గరిష్ఠం 40 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం నీడలోనే అది దాటుతుంది. నేను ఒకసారి భోజనానికి దిగి, డ్రోన్ సంచిని కారు వెనక సీట్లో ఎండలో వదిలేశాను. గంట తర్వాత వచ్చి చూస్తే ఒక బ్యాటరీ పూరీలా ఉబ్బింది. తప్పు పూర్తిగా నాదే. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయకూడదు, నొక్కి సరిచేయకూడదు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇచ్చేయాలి. పది రోజులకి మించి వాడకపోతే సగం ఛార్జ్‌తో, చల్లని చోట ఉంచండి.

ఇక గద్దలు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల మీద వీటికి కొదవ లేదు. ముఖ్యంగా గూడు పెట్టుకున్న కాలంలో డ్రోన్‌ని ఇంకో పక్షి అనుకుని మీదికొస్తాయి. మా ఊరి చెరువు మీద ఒకసారి స్క్రీన్‌లో నీడ కదిలింది. తలెత్తి చూస్తే గద్ద డ్రోన్ చుట్టూ ఒక చక్కర్ కొట్టింది, రెండోసారి రెక్కలు ముడిచి దిగింది. కంగారులో కిందికి దించబోయాను. అదే చేయకూడని పని, గద్ద బలమంతా కిందికి దూకడంలోనే ఉంది. నిలువుగా పైకి లేపితే అంత వేగంగా వెంట రాలేదు. అప్పుడు పైకి లాగాను, అది వదిలేసింది. కాసేపాగి దూరంగా దింపుకుని ఆ రోజుకి కట్టేశాను. అందుకే కొనేటప్పుడు డ్రోన్ పైకి లేచే వేగం కూడా చూడమంటాను. సంక్రాంతి వారం అసలు బయటికే తీయొద్దు. మాంజా స్క్రీన్‌లో కనపడదు, అడ్డంకులు పసిగట్టే సెన్సార్‌కీ కనపడదు.

ఆరో మెట్టు: దుకాణంలో

కోఠి, ఆబిడ్స్ వైపు కెమెరా దుకాణాల్లో బేరం ఆడటం మీకు నేను నేర్పక్కర్లేదు. డబ్బు ఇచ్చే ముందు మాత్రం ఈ పనులు చేయండి. బిల్లు మీద డ్రోన్ సీరియల్ నంబర్ రాయించండి. 250 గ్రాములు దాటినదైతే యూఐఎన్ సంగతి అక్కడే తేల్చండి. విడి రెక్కలు, విడి బ్యాటరీ ఈ రోజు స్టాక్‌లో ఉన్నాయా అని అడగండి. ‘తెప్పిస్తాం సార్’ అంటే లేవని అర్థం. రిమోట్ సిగ్నల్ వట్టి వైఫై మీదా, లేక సొంత వ్యవస్థ మీదా అని అడగండి. వైఫై అయితే రెండు మూడు వందల మీటర్లకే స్క్రీన్ మీద బొమ్మ ఆగిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకో రెండు. నేను ఒక పాత డ్రోన్ కొని, ఇంటికొచ్చి ఆన్ చేస్తే పాత యజమాని అకౌంట్‌కి కట్టేసి ఉంది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. మూడు వారాలు అది నా దగ్గర ఇటుకలా పడి ఉంది. చివరికి వాళ్లబ్బాయి దొరికి ఒక్క నిమిషంలో విడిపించాడు. కాబట్టి అమ్మేవాళ్ల ముందే వాళ్ల అకౌంట్ తీయించి, మీ ఫోన్‌లో మీ అకౌంట్‌తో ఆన్ చేయండి. తర్వాత యాప్‌లో ప్రతి బ్యాటరీ ఎన్నిసార్లు ఛార్జ్ అయ్యిందో చూడండి. ‘రెండుసార్లే ఎగరేశాం’ అన్న డ్రోన్ బ్యాటరీ మీద 140 ఉంటే ధర అక్కడి నుంచి మాట్లాడొచ్చు. రెక్కల అంచుల మీద గోరుతో రాసి చూడండి. గరుకు తగిలితే చెట్టుకో గోడకో తగిలిందన్నమాట.

ఏడో మెట్టు: విమానం ఎక్కేటప్పుడు

విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో వేయకూడదు, మీ చేతి సంచిలోనే ఉండాలి. ఒక్కోటి 100 వాట్ అవర్ లోపు ఉంటే ఇబ్బంది లేదు. మినీ తరహా బ్యాటరీ 19 దగ్గర, మావిక్ 3ది 77, కాబట్టి రెండూ సరే. బ్యాటరీ మీద ఆ అంకె చెరిగిపోకుండా చూసుకోండి, సెక్యూరిటీ వాళ్లు అదే చదువుతారు. లోహపు కొనలకి టేపు అంటించండి.

విదేశాలకైతే ముందు ఆ దేశం రూల్ చూడాలి. మొరాకో, ఈజిప్ట్‌లలో డ్రోన్ తెచ్చారని విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. థాయ్‌లాండ్‌లో ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్తుంటే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోండి. లేదంటే తిరిగొచ్చేటప్పుడు ‘ఇది నాదే, ఇక్కడి నుంచే తీసుకెళ్లా’ అని రుజువు చేయడం టెన్షన్. సరదాగా నాలుగు రోజులు వెళ్లేవాళ్లు దాన్ని ఇంట్లోనే వదిలేయడం మేలని నేననుకుంటాను.

ఎనిమిదో మెట్టు: మొదటి పొద్దు

మొదటిసారి జలపాతానికో కొండకో తీసుకెళ్లకండి. కోతలైపోయిన పొలం చాలు. కారుకి, కరెంటు స్తంభానికి, బోరు పైపులకి దూరంగా నిలబడి కంపాస్ సరిచేయండి. ఇనుము దగ్గరుంటే దిక్కు తప్పుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు అందాకే లేపండి, అప్పుడే తిరిగి రావాల్సిన చోటు దానికి గుర్తుంటుంది. సిగ్నల్ పోతే ఎంత ఎత్తున తిరిగి రావాలో యాప్‌లో పెట్టాలి. పెద్ద తాటిచెట్టు 25 మీటర్లు దాటుతుంది, హైటెన్షన్ టవర్ ఇంకా ఎత్తు. చుట్టూ చూసి అన్నిటికన్నా ఎత్తుగా పెట్టండి. నిశ్చలంగా ఉన్న నీళ్ల మీద మరీ కిందికి దించొద్దు, కింద ఉండే సెన్సార్లు అద్దంలాంటి నీటిని చూసి మోసపోతాయి. జనం నెత్తి మీద ఎగరేయొద్దు. పైనుంచి బతుకమ్మ వలయం ఎంత అందంగా ఉంటుందో నాకూ తెలుసు, అయినా సరే.

ఇక పొలం ఎవరిదో కనుక్కుని, లేపే ముందే వాళ్లకి చెప్పండి. ఇది నేను చౌటుప్పల్ దాటాక ఒక ఊరి బయట నేర్చుకున్నాను. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని పైనుంచి నిలువుగా తీద్దామని సంచి విప్పానో లేదో, నలుగురు రైతులు గబగబా వచ్చారు. అందరికన్నా పెద్దాయన కండువా దులుపుకుంటూ డ్రోన్ వంక చూసి, ‘ఏం సార్, రింగురోడ్డు సర్వేనా? మా భూమి పోతదా?’ అని అడిగాడు. కాదు తాతా, మిరపకాయల ఫొటో అన్నాను. నమ్మలేదు. డ్రోన్ లేపి, రిమోట్ స్క్రీన్ ఆయన చేతికే ఇచ్చాను. ఎర్రటి కల్లం మధ్యలో తెల్లటి చుక్కలా తన తలపాగా కనిపించేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత పక్కనున్న మనవడితో, ‘అగో, ఆ మూలకు పట్టా కప్పలేదురా, పొద్దున మంచుకు నానింది’ అన్నాడు.